లమాలేరా ఒడ్డున ఒక వారం

జులై 2, మంగళవారం. లెవొలెబా

లమాలేరా, ఇండోనేషియాలోని లెంబాతా దీవిలో తిమింగలాల వేట మీద బతికే ఊరు. లమాలేరా వెళ్ళే లారీ దగ్గర దింపమన్నాను. ఓజెక్ కుర్రాడికి 'లమాహోరా' అని వినపడింది. ఓజెక్ అంటే అద్దె మోటార్ సైకిల్, మన బైక్ టాక్సీ లాంటిదే. పదివేల రుపియాలు తీసుకుని, ఊరికి తూర్పున ఉన్న లమాహోరా పేటలో ఎవరిదో ఇంటిముందు దింపేసి వెళ్ళిపోయాడు. పదివేలంటే యాభై రూపాయల పైచిలుకు అంతే. నేను వెళ్ళినప్పుడు మన రూపాయికి 190కి పైగా రుపియాలు వచ్చేవి.

ఆ ఇంటామె బయటికొచ్చి సంగతంతా విని, లారీ వెళ్ళిపోయింది, మళ్ళీ రేపేనంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి ముందుగా తాంబూలం పెట్టింది. వక్క ఉంది, సున్నం ఉంది, ఆకు మాత్రం లేదు. ఆకు బదులు తమలపు తీగకి కాసే సన్నటి పొడుగాటి కాయ ఇచ్చింది. దాన్ని సున్నంలో అద్ది వక్కతో కలిపి నమలాలి. మా నాయనమ్మ పక్కన కూర్చున్నట్టే అనిపించింది నాకు. మలేషియాలో మూడేళ్ళు ఉద్యోగం చేసినప్పుడు నేర్చుకున్న మలయ్ భాష ఇక్కడ బాగానే అక్కరకొచ్చింది. నా యాసకి ఆవిడ నవ్వింది, అయినా మాట అర్థమైంది.

ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవికి తూర్పున అదొనారా, సొలోర్ దీవులు దాటితే లెంబాతా వస్తుంది. 1999లో ప్రత్యేక జిల్లా అయింది, దానికి లెవొలెబా ముఖ్యపట్టణం. 'లెవొ' అంటే ఇక్కడి లమహోలోత్ భాషలో ఊరు. ఆవిడ వాకిట్లోంచి చూస్తే లెవొతొలోక్ అగ్నిపర్వతం నెత్తిన పొగతో కనిపిస్తుంది. ఆవిడ పుట్టిల్లు ఆ కొండ కిందే. 2020 నవంబరులో కొండ పేలి బూడిద కురిసింది. 2021 ఏప్రిల్‌లో సెరోజా తుపాను వానకి ఆ బూడిదా బండరాళ్ళూ బురదతో కలిసి ఊళ్ళ మీదికి దిగాయి. చెల్లెలి ఇల్లు పోయింది, చెల్లెలూ పోయింది. ఆవిడ ఇదంతా కొండకేసి చూడకుండా, వక్క కత్తిరిస్తూ చెప్పింది. రాత్రికి తనింట్లోనే పడుకోమంది. డబ్బులిస్తే తీసుకోలేదు.

జులై 3, బుధవారం. కొండదారి

లారీ వెనక అడ్డంగా చెక్కబల్లలు వేశారు, అవే సీట్లు. ఛార్జీ యాభై వేలు. కాళ్ళ కింద బియ్యం బస్తాలు, పెట్రోలు డబ్బాలు, కాళ్ళు కట్టేసిన ఓ పంది. నాలుగు గంటల ప్రయాణం. మధ్యలో చాలాచోట్ల రోడ్డు కొట్టుకుపోయి రాళ్ళు తేలింది.

దారిలో ఎక్కినవాళ్ళంతా నన్ను అడిగింది ఒకటే మాట, "మౌ కె మనా?" అని. ఎక్కడికి వెళ్తున్నావు అని అర్థం. మా ఇళ్ళల్లో బయల్దేరేవాళ్ళని ఆ మాట అడిగితే పెద్దవాళ్ళు కసురుకుంటారు. ఇక్కడ అదే పలకరింపు. జవాబు కోసం అడగరు, మనిషిని గుర్తించామని చెప్పడానికి అడుగుతారు. రెండో గంటకి నేనూ ఎక్కినవాళ్ళని అడగడం మొదలెట్టాను.

చివరి మలుపు తిరగ్గానే కింద సముద్రం, నల్లటి ఇసుక, ఒడ్డున వరసగా తాటాకు కప్పుల పడవ పాకలు కనిపించాయి. ఆ వెంటనే వాసన వచ్చింది. నేను ఉప్పాడలో పుట్టాను, ఎండుచేపల వాసన నాకు కొత్తేం కాదు. ఇది అదే వాసన, కాకపోతే నూనె కలిసి చిక్కబడింది. ప్రతి ఇంటి ముందూ వెదురు దండేల మీద నల్లటి మాంసం ముక్కలు బట్టలారేసినట్టు వేలాడుతున్నాయి. కింద పెట్టిన రేకు గిన్నెల్లోకి నూనె బొట్లుబొట్లుగా పడుతోంది. అది తిమింగలం మాంసం. స్పెర్మ్ తిమింగలాన్ని వీళ్ళు కొతెక్‌లేమా అంటారు.

దిగిన ఇంట్లో రోజుకి రెండు లక్షల రుపియాలు, మూడు పూటల భోజనంతో కలిపి. మన లెక్కలో వెయ్యి పైచిలుకు. ఇంటాయనని 'బాపా' అనాలి, ఇంటావిడని 'మామా' అనాలి. అక్కడ మామా అంటే అమ్మ. తెల్లజుట్టు ఆడమనిషిని "మామా" అని పిలవడానికి నా నాలుక రెండు రోజులు తడబడింది. నన్ను వాళ్ళు 'నోనా' అన్నారు, అమ్మాయి అని.

రాత్రి అన్నంలో మొక్కజొన్న నూక కలిపి వండారు. పక్కన మునగాకు వేసిన పల్చటి చారు. తాళింపు లేదు, ఉప్పూ ఉల్లిపాయా అంతే. ఇంటింటికీ మునగచెట్టు ఉంది. ఆకే తింటారట, కాయ వండరట. కాయ సంగతి నేను చెబుతుంటే మామా శ్రద్ధగా విని, చింతపండు ఎంత వెయ్యాలో కూడా అడిగింది. చివర్న చిన్న పళ్ళెంలో వేయించిన కొతెక్‌లేమా వచ్చింది. తిన్నాను. పీచు పీచుగా, కాలేయం చేదు కొంచెం తగిలినట్టుగా ఉంటుంది. ఇల్లంతా నా ముఖం చూస్తుంటే రెండో ముక్క కూడా తీసుకున్నాను.

జులై 4, గురువారం. వంటింట్లో

తెల్లవారకముందే టక్, టక్ అని రాయి చప్పుడుకి మెలకువొచ్చింది. మామా పొయ్యి దగ్గర జాగుంగ్ తితి చేస్తోంది. జాగుంగ్ అంటే మొక్కజొన్న. గింజలు మట్టిమూకుడులో వేగుతుంటాయి. ఎడమచేత్తో నాలుగు గింజలు మూకుడులోంచే వేళ్ళతో తీసి, ఒళ్ళో ఆనించుకున్న చదును బండ మీద వేసి, కుడిచేతిలోని గుండ్రాయితో ఒక్క దెబ్బ కొడుతుంది. గింజలు ఒకదానికొకటి అతుక్కుని రూపాయి బిళ్ళంత అటుకవుతాయి. అది బుట్టలో పడేలోపే ఎడమచెయ్యి మళ్ళీ మూకుడులో ఉంటుంది. గింజ చల్లారితే పగిలి పిండైపోతుంది కాబట్టి మంట వేడి మీదే తియ్యాలి. నేను ఒక్కసారి ప్రయత్నించి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మామా తన వేళ్ళు చూపించింది. బొటనవేలూ చూపుడువేలూ చివర్లు నున్నగా, గీతల్లేకుండా అరిగిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళతో ఫోను తాకితే తెర పలకదట, కొడుకే నొక్కిపెడతాడట.

గంటకి ఓ చిన్న బుట్ట నిండింది. వేరుశనగలతో కలిపి తింటే మన కారం లేని మిక్స్చరే. నెలలపాటు నిలవుంటుంది. మగవాళ్ళు సముద్రం మీదికి, పిల్లలు దూరపు చదువులకి పట్టుకెళ్ళేది ఇదే.

మధ్యాహ్నం పక్కింట్లో నేత చూశాను. ఇక్కత్ అనే మాట మనకి ఇండోనేషియా, మలయ్ భాషలోంచే వచ్చింది. 'ఇకత్' అంటే కట్టడం. పోచంపల్లిలో దాన్నే చిటికి అంటారు. అద్దకానికి ముందు దారాన్ని ఎక్కడికక్కడ గట్టిగా కట్టడమే పని. ఇక్కడ తాటాకు పీలికలతో కడుతున్నారు. ఎరుపు తొగరు వేరుది, నలుపులాంటి నీలం నీలిమందుది. మంచి చీరెగుడ్డకి ఏడాది పైనే పడుతుంది. ఆ గుడ్డలు పెళ్ళిళ్ళలో ఆడపిల్లవాళ్ళు పెట్టాలి, అవతలివాళ్ళు ఏనుగు దంతం ఇవ్వాలి. ఈ దీవుల్లో ఏనుగే లేదు. ఏనాటి వ్యాపారంలోనో వచ్చిన దంతాలు తరతరాలుగా ఇంటి నుంచి ఇంటికి తిరుగుతున్నాయి.

సాయంత్రం బాపా తువాక్ పోశాడు. అచ్చం తాటికల్లు. చెట్టూ అదే, ఎక్కే పద్ధతీ అదే. రెండో లోటా మీద తన కథ చెప్పాడు. ఇరవై ఏళ్ళ వయసులో మలేషియాలోని సబా వెళ్ళి పామాయిల్ తోటల్లో తొమ్మిదేళ్ళు గెలలు కోశాడట. ఈ దీవుల మగవాళ్ళలో చాలామందిది అదే దారి. తిరిగొచ్చి ఈ ఇల్లు కట్టుకున్నాడు, తండ్రి స్థానంలో పడవెక్కాడు. "అక్కడ నేను కోసిన గెల ఎవరు తిన్నారో నాకు తెలీదు. ఇక్కడ నేను పట్టింది ఎవరు తింటారో పేర్లతో సహా చెప్పగలను" అన్నాడు.

జులై 5, శుక్రవారం. బలేయో

తొమ్మిది దాటాక గుట్ట మీంచి ఎవరో "బలేయో!" అని కేకపెట్టారు. తిమింగలం కనపడిందని అర్థం. ఆ కేక గుమ్మం నుంచి గుమ్మానికి అందుకుంటూ కిందిదాకా పాకింది. బాపా తాగుతున్న కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టి, చొక్కా కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

నేను వెళ్ళేసరికి పాకలోంచి తెనాని దుంగల మీద తోస్తున్నారు. తెనా అంటే వీళ్ళ వంశాల పడవ. బలమైన పలకల్ని చెక్క చీలలతో బిగిస్తారు, ఇనుప మేకు ఒక్కటీ ఉండదు. తెరచాప తాటిజాతి ఆకుల అల్లిక. ముందు కొసన వెదురు పలక మీద నిలబడేవాణ్ని లమఫా అంటారు. పొడవాటి వెదురు బరిసెతో తన ఒంటి బరువంతా దాని మీద వేసి తిమింగలం వీపు మీదికి దూకేది అతనే. ఇప్పుడు తెనాని లోతు దాకా 'జొన్సొన్' లాక్కెళ్తుంది. అంటే మోటారు పడవ. ఏ కంపెనీ ఇంజనైనా ఇక్కడ పేరు జొన్సొనే.

ఆ తర్వాత ఒడ్డున మిగిలింది ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ నేనూ. డబ్బిస్తే జొన్సొన్‌లో నన్నూ తీసుకెళ్ళేవాళ్ళే. నేను వెళ్ళలేదు. మా నాన్న కళాసీ. చిన్నప్పుడు ఆయన వేటకెళ్ళిన రోజుల్లో ఉప్పాడ ఒడ్డున అమ్మ పక్కన కూర్చోవడమే నాకు తెలుసు, ఇక్కడా అదే చెయ్యాలనిపించింది. మా దగ్గర చేపలు పట్టడాన్ని 'వేట' అనే అంటాం. ఆ మాట ఎంత బరువైనదో ఈ ఒడ్డున కూర్చున్నాక తెలిసింది.

పొద్దున మామాకీ పొరుగామెకీ పంది తోటలో పడిందని మాటా మాటా పెరిగింది. కేక వినపడగానే ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. ఇంట్లో తగువుంటే సముద్రం మీద పడవకి కీడని నమ్మకం. మధ్యాహ్నానికి పొరుగామే వచ్చి మామా పక్కన కూర్చుని అరటిపండు ఒలిచిచ్చింది.

నా పక్కన ఓ ముసలావిడ దారం వడుకుతోంది. భర్త సముద్రంలోనే పోయాడట. "మరి మీకు మాంసం?" అని అడిగాను. తిమింగలాన్ని ఒడ్డుకి చేర్చాక తల ఎవరిది, డొక్క ఎవరిది, తోక ఎవరిది అని ముందే తేలి ఉంటుంది. పడవలో వంశపు వాటాలు, బరిసె వేసినవాడికి, పడవ కట్టిన వడ్రంగికి, ఇనుము కొట్టిన కమ్మరికి, నేల మీద తొలిహక్కున్న వంశానికి. వాటాలు తీసుకున్నవాళ్ళు మళ్ళీ తమవాళ్ళకి పంచుతారు. "మొదట మా గుమ్మాలకే వస్తుంది. మా కోసమేగా వాళ్ళు వెళ్ళేది" అంది ఆవిడ. ఏటా మే 1న ఒడ్డున పూజ చేసి వేట కాలాన్ని మొదలుపెట్టేటప్పుడు కూడా మొగుడు లేనివాళ్ళ పేరూ తల్లిదండ్రులు లేని పిల్లల పేరూ చెప్పుకుంటారట. మా రేవులో సరంగు వాటా, వల వాటా, ఇంజను వాటా నాకు తెలుసు. పోయినవాడి భార్య వాటా అనేది నేను ఎక్కడా వినలేదు. నాన్న పోయిన ఏడాది మా ఇంటికి ఎవరు ఏం తెచ్చారో నాకు బాగా గుర్తుంది. అందుకే ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

తిమింగలాన్ని చంపడం తప్పు కాదా అని ఇది చదివేవాళ్ళు అడుగుతారు. ఇండోనేషియా చట్టంలో తిమింగలాలు రక్షిత జీవులే. ఈ ఊరి వేటని తిండి కోసం చేసే పాత ఆచారంగా చూసి ఊరుకుంటున్నారు. నోట్లో పళ్ళకి బదులు జల్లెడలాంటి పలకలుండే పెద్ద బలీన్ తిమింగలాల జోలికి వీళ్ళు వెళ్ళరు, అవి పూర్వం తమ పెద్దల్ని కాపాడాయని నమ్ముతారు. మాంటా అనే పెద్ద టేకు చేపని పట్టడం 2014లో దేశమంతా నిషేధించారు. అప్పటి నుంచి ఊరికి పోలీసు భయమూ వచ్చింది. 1970లలో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ నార్వే వేటగాణ్ని మరపడవతో ఇక్కడికే పంపి, మరింత ఎక్కువ పట్టడం నేర్పాలని చూసింది. ఒకరు ఎక్కువ పట్టమన్నారు, ఒకరు అసలు పట్టొద్దన్నారు. ఏం కావాలని ఊరిని అడిగింది తక్కువ. నాకు ఆ జీవి మీద జాలి ఉంది. ఊరు మీద గౌరవమూ ఉంది. ఆ రోజు ఒడ్డున రెండూ ఉన్నాయి.

పొద్దుగూకే వేళకి పడవలు తిరిగొచ్చాయి, ఖాళీగా. తిమింగలం మునిగి చాలా దూరాన తేలిందట. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ కలిసి పడవని పాకలోకి లాగారు. బాపా అరుగు మీది గ్లాసులో పొద్దున్న మిగిల్చిన కాఫీ చల్లగానే తాగేశాడు.

జులై 6, శనివారం. వులందోని సంత

చీకట్లోనే నడక. ఆడవాళ్ళ నెత్తిన బేసిన్లు, అందులో ఎండు మాంసం, ఉప్పు, సున్నం. ఒడ్డు వెంట దాదాపు రెండు గంటలు పట్టింది. నేను ఉత్తచేతులతో నడిచి కూడా వెనకబడ్డాను.

కొండ ఊళ్ళవాళ్ళు మొక్కజొన్న, అరటి, కర్రపెండలం, తమలపు కాయలు తెచ్చి ఓ పక్క కూర్చున్నారు. ఎవరూ సరుకు కదిలించలేదు. సంత చూసే మనిషి ఈల ఊదాకే బేరం మొదలవ్వాలి. ఈల మోగింది. మామా లేచి, అరటి గెలలున్న ఓ కొండామె ముందు కూర్చుని, అరచెయ్యంత మాంసం ముక్క పెట్టింది. ఆమె తీసి వాసన చూసి, వేలితో నొక్కి, పన్నెండు పళ్ళు లెక్కపెట్టింది. ఇక్కడ లెక్క ఆరులతో. ఆరింటిని ఒక 'ముంగా' అంటారు. ముక్కకి రెండు ముంగాలు. డజనులో సగం అనుకుంటే మనకీ తేలికే. పన్నెండో పండు మచ్చగా ఉందని మామా పక్కన పెడితే, ఆమె మాట్లాడకుండా మార్చిచ్చింది. డబ్బు ఊసే లేదు. నేను ఇరవై వేల నోటు తీసి అరటిపళ్ళడిగితే ఆ కొండామె నోటుకేసి కాదు, నా బేసిన్ కోసం చూసింది. మామా తన ముక్కొకటి నా చేతిలో పెట్టింది. జీవితంలో మొదటిసారి డబ్బు లేకుండా కొన్నాను.

తిరుగుదారిలో మామా లెక్క చెప్పింది. మాంసం ముక్కకి మొక్కజొన్న వస్తుంది, ఇల్లు గడుస్తుంది. "కానీ పెద్దాడి ఫీజు మొక్కజొన్నతో కట్టుకోరుగా." పాత రోజుల్లో పడవకి కావలసింది మనుషులే, ఇప్పుడు జొన్సొన్‌కి పెట్రోలు కావాలి. పెట్రోలుకి నోట్లు కావాలి. నోట్లు కావాలంటే పంచుకోవలసిన దాంట్లో కొంత లెవొలెబాలో అమ్మాలి. పంచే వాటా అక్కడే తగ్గుతోంది. తిమింగలాలు తగ్గడం కన్నా మామాకి దాని గురించే బెంగ.

జులై 7, ఆదివారం

పడవలు కదల్లేదు. ఊరంతా కేథలిక్కులు, పొద్దున్నంతా చర్చిలోనే. పాటలు నాలుగు గొంతుల్లో పాడతారు, మైకు లేకుండా.

సాయంత్రం పెద్దకొడుకు ఒడ్డుకొచ్చాడు. పన్నెండో తరగతి అయిపోయింది. నర్సింగ్ చదవడానికి కుపాంగ్ వెళ్ళాలి, అది తిమోర్ దీవిలో. ఊళ్ళో ఏ రోగమొచ్చినా లారీ మీద నాలుగు గంటలు వెళ్ళాల్సి వస్తోందని ఆ చదువే ఎంచుకున్నాడట. "మరి మీ నాన్న పడవ?" అని అడిగాను. తనకి బరిసె పట్టడం వచ్చట, చిన్నప్పుడు ఇసుక మీద కొబ్బరిడొక్కల్ని పొడిచి నేర్చుకున్నాడట. తన ఈడువాళ్ళలో ముగ్గురే ఊళ్ళో మిగిలారట. తెనాకి పదిమంది పైనే కావాలి. మే నెలలో సెలవు దొరికితే వస్తానన్నాడు, దొరుకుతుందా అని తనే అడిగాడు.

బాపాని రాత్రి అడిగాను, వాడు వెళ్ళడం ఇష్టమేనా అని. తువాక్ లోటా రెండు చేతుల మధ్య తిప్పుతూ, "నేను కూడా వెళ్ళాను. తిరిగొచ్చాను" అన్నాడు. కాసేపాగి, "నేను వెళ్ళినప్పుడు మా నాన్న నన్నేమీ అడగలేదు" అన్నాడు.

జులై 8, సోమవారం

లారీ తెల్లవారుజామున నాలుగింటికే. కాలేజీ కాగితాల పని మీద పెద్దకొడుకూ లెవొలెబా దాకా వస్తున్నాడు. పిన్ని ఇంటికని ఎండు మాంసం ముక్కలు మామా రెండుసార్లు లెక్కపెట్టి పాత గుడ్డలో కట్టింది. లెక్క ఆరులతోనే. నాకు ఓ ప్లాస్టిక్ డబ్బా నిండా జాగుంగ్ తితి. మూత బిగించి చుట్టూ టేపు వేసింది, తేమ తగిలితే మెత్తబడుతుందని మూడుసార్లు చెప్పింది. ఇప్పుడది మా ఇంట్లో వంటింటి అలమరలో ఉంది, రోజుకి గుప్పెడు తింటున్నాను.

లారీ కొండెక్కుతుంటే మొదటి ఊళ్ళో ఓ తాత ఎక్కి, నా ఎదురు బల్ల మీద కూర్చుని, కుర్రాణ్ని చూసి అందరూ అడిగేదే అడిగాడు. "మౌ కె మనా?"

లారీ వెళ్ళేది లెవొలెబాకే. కుర్రాడు కాళ్ళ మధ్య మూట సర్దుకుని, "కుపాంగ్" అన్నాడు.